మసకగా కనిపించే మహాతార: ‘బేక్‌డు’ కొలతలు, ఒక గ్రహం పెట్టిన చిక్కు

ధ్రువ నక్షత్రం ఉన్న లఘు సప్తర్షి మండలంలోనే 8 ఉర్సే మైనోరిస్ అనే ఇంకో నక్షత్రం ఉంది. దానికి ‘బేక్‌డు’ అని పేరు. అది నారింజ రంగు మహాతార, అంటే ముసలితనంలో బాగా ఉబ్బిపోయిన నక్షత్రం. మామూలు కంటికి కనిపించదు. 2023 జూన్‌లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రంతో ఇది ఒక్కసారిగా వార్తల్లోకి ఎక్కింది. ఈ నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం అసలు బతికి ఉండకూడదని, ఎప్పుడో నక్షత్రంలో కలిసిపోయి ఉండాల్సిందని ఆ పత్రం సారాంశం.

ఆ వార్త చదివినవాళ్లకు వచ్చే సందేహాలు న్యాయమైనవే. కంటికే కనిపించని నక్షత్రాన్ని మహాతార అనడం ఏమిటి? నారింజ రంగు అంటే చల్లబడిపోయిందనా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక గ్రహం ‘ఉండకూడదు’ అని ఎవరు, ఏ లెక్కతో చెప్పారు?

జవాబు కావాలంటే రెండింటిని వేరు చేసుకోవాలి: మనం నేరుగా కొలిచినవి, వాటి నుంచి లెక్కగట్టినవి. బేక్‌డు విషయంలో నేరుగా కొలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాని వెలుగు, వర్ణపటం, ఆకాశంలో దాని స్థానంలో కనిపించే చిన్న కదలిక, వెలుగులో సన్నటి హెచ్చుతగ్గులు, అంతే. వ్యాసార్థం, ద్రవ్యరాశి, వయసు, గర్భంలో ఏం మండుతోంది అన్నవన్నీ వీటి నుంచి లాగినవే. గ్రహం పెట్టిన చిక్కు కూడా ఆ లాగిన చోటే ఉంది.

మసకదనంలో దూరం వాటా ఎంత?

నక్షత్రాల వెలుగును మాగ్నిట్యూడ్‌లలో చెబుతారు. ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. 5 మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే వెలుగులో సరిగ్గా 100 రెట్ల తేడా. మంచి చీకటి ఉన్నచోట మామూలు కంటికి సుమారు 6 వరకు ఆనుతాయి. బేక్‌డుది 6.83. అంటే కంటి హద్దుకు కాస్త అవతల ఉంది. మామూలు బైనాక్యులర్లు చాలు.

దీనికి ఒక డిగ్రీ లోపే కొకాబ్ అనే నక్షత్రం ఉంది. జూన్ సాయంత్రాల్లో హైదరాబాద్ నుంచి ఉత్తరం వైపు చూస్తే, ధ్రువ నక్షత్రానికి పైన, దిగంతం నుంచి 32 డిగ్రీల ఎత్తున స్పష్టంగా కనిపిస్తుంది. దాని మాగ్నిట్యూడ్ 2.08. అది కూడా నారింజ మహాతారే! ఒకే దిక్కున, ఒకే జాతి నక్షత్రాలు రెండు. ఒకటి పట్నంలో కూడా కనిపిస్తుంది, ఇంకొకటి పల్లెలో కూడా కనిపించదు.

లెక్క వేద్దాం. మాగ్నిట్యూడ్‌ల తేడా 4.75. అంటే మన కంటికి కొకాబ్ 80 రెట్లు ఎక్కువ వెలుగు పంపుతోంది. కొకాబ్ దూరం సుమారు 131 కాంతి సంవత్సరాలు, బేక్‌డు దూరం 532. అంటే బేక్‌డు నాలుగు రెట్ల దూరంలో ఉంది. దూరం నాలుగు రెట్లైతే వెలుగు పదహారో వంతుకు పడిపోతుంది. 80 రెట్ల తేడాలో 16 రెట్లు దూరం ఖాతాలోకే పోతాయి. నక్షత్రాల సొంత వెలుగులో నిజమైన తేడా సుమారు 5 రెట్లు మాత్రమే. బేక్‌డును ‘మసక నక్షత్రం’ అన్నప్పుడు మనం ఎక్కువగా చెబుతున్నది మనం ఉన్న చోటు గురించే.

ఈ 532 ఎక్కడిది? భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రాలు వెనకాల ఉన్న దూరపు నక్షత్రాల నేపథ్యంలో కొద్దిగా అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తాయి. ఈ జరుగుడునే పారలాక్స్ అంటారు. ఐరోపా గయా ఉపగ్రహం బేక్‌డుకు కొలిచిన విలువ సుమారు 6.13 మిల్లీ ఆర్క్ సెకన్లు. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక ఆర్క్ సెకను, దాన్ని మళ్లీ వెయ్యి భాగాలు చేస్తే ఒక మిల్లీ ఆర్క్ సెకను. 1,000ని 6.13తో భాగిస్తే 163 పార్సెక్‌లు, పార్సెక్‌కు 3.26 చొప్పున 532 కాంతి సంవత్సరాలు. ఇంత సూక్ష్మమైన కోణాన్ని కొలవగలిగారు కాబట్టే మిగతా కథంతా నడిచింది.

దూరం తెలిస్తే సొంత వెలుగు వచ్చేస్తుంది. కంటికి కనిపించే కాంతిలో బేక్‌డు సూర్యుడికి 40 రెట్లకు పైనే. ఇలాంటి నక్షత్రాలు పరారుణ కాంతిని కూడా గణనీయంగా వెదజల్లుతాయి. దాన్ని కూడా కలిపితే సుమారు 57 రెట్లు.

నారింజ అనేది రంగు కన్నా ముందు ఒక ఉష్ణోగ్రత

కొలిమిలో పెట్టిన ఇనుము ముందు ఎర్రబడి, తర్వాత నారింజకు, ఇంకా వేడెక్కితే పసుపుకు తిరుగుతుంది. నక్షత్రాల వరస కూడా అదే. రంగు చూసి ఉపరితల ఉష్ణోగ్రత చెప్పొచ్చు. వర్ణపటంలోని గీతల లోతు చూస్తే ఇంకా కచ్చితంగా చెప్పొచ్చు. నక్షత్రాలను వేడి తగ్గే క్రమంలో ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ అని వర్గాలుగా విడగొట్టారు. సూర్యుడు జి. బేక్‌డు కె వర్గంలో మొదటి మెట్టు, అంటే కె0. దాని ఉపరితలం సుమారు 4,850 కెల్విన్. సూర్యుడిది 5,772.

‘నారింజ’ అన్నది కె వర్గానికి వాడుకలో స్థిరపడిన పేరు. బైనాక్యులర్లలో చూస్తే పండిన నారింజ రంగు కనిపిస్తుందని ఆశపడితే నిరాశే. వెలుగు తక్కువగా ఉన్నప్పుడు మన కంటికి రంగులు సరిగా తెలియవు. పైగా కె0 అంటే పసుపుకు దగ్గరి నారింజ. కొకాబ్ కె4, సుమారు 4,000 కెల్విన్. నారింజ ఛాయ అందులో బాగా తెలుస్తుంది.

చల్లన అన్నది కూడా ఉపరితలానికి మాత్రమే చెల్లుతుంది. ఈ నక్షత్రం గర్భంలో వేడి 10 కోట్ల డిగ్రీల స్థాయిలో ఉంటుంది. సూర్యుడి గర్భంలో ఉన్నది ఒకటిన్నర కోటే.

సూర్యుడి కన్నా చల్లన, కానీ 57 రెట్లు వెలుగు: అందుకే పెద్దది

వేడి వస్తువు ఒక చదరపు మీటరు నుంచి వెదజల్లే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. 4,850ని 5,772తో భాగిస్తే 0.84. దాన్ని నాలుగుసార్లు గుణిస్తే దాదాపు 0.5. అంటే బేక్‌డు ఉపరితలంలో ఒక చదరపు మీటరు సూర్యుడి చదరపు మీటరు ఇచ్చే వెలుగులో సగమే ఇస్తుంది. అయినా మొత్తం వెలుగు 57 రెట్లు ఉందంటే, ఉపరితలం విస్తీర్ణం సుమారు 115 రెట్లు ఉండాలి. 115కు వర్గమూలం 10.7. అదే వ్యాసార్థం: సూర్యుడికి 10.7 రెట్లు, దాదాపు 75 లక్షల కిలోమీటర్లు. ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. దూరం, వెలుగు, ఉష్ణోగ్రత ఈ మూడూ కలిసి ఇచ్చిన అంకె ఇది.

ఘనపరిమాణం సూర్యుడికి 1,200 రెట్లకు పైనే. ద్రవ్యరాశి మాత్రం ఒకటిన్నర రెట్లే (అది ఎలా తెలిసిందో కింద చూద్దాం). భాగించి చూస్తే సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.0017 గ్రాములు. మనం పీల్చే గాలి సాంద్రత 0.0012. అంటే ఈ మహాతార, సగటున, గాలి కన్నా కాస్త బరువైన వాయువు. సగటు అన్న మాట మర్చిపోకూడదు. గర్భం విపరీతమైన సాంద్రతతో ఉంటుంది, పైపొరలు గాలి కన్నా చాలా పలచగా ఉంటాయి. ఉపరితలం మీద గురుత్వం సెకనుకు సెకనుకు 3.6 మీటర్లు. భూమి మీద 9.8, అంగారకుడి మీద 3.7. ఒక నక్షత్రం ఉపరితలానికి అంగారకుడి పాటి పట్టు కూడా లేదు. మహాతారల గురించి తెలుసుకోవాల్సిన అంకెల్లో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది ఇదే.

నారింజ మహాతారల సొంత వెలుగు తెలుసుకోవడానికి గయాకు ముందు ఒక తెలివైన దారి ఉండేది. దానికి హైదరాబాద్‌తో నిజమైన సంబంధం ఉంది. నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రి దగ్గర పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు, అమెరికాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఒక సంగతి బయటపెట్టారు. జి, కె, ఎమ్ వర్గాల నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం గీత నడుమ ఒక సన్నటి వెలుగు గీత ఉంటుంది. నక్షత్రం సొంత వెలుగు ఎంత ఎక్కువైతే ఆ గీత అంత వెడల్పుగా ఉంటుంది. గీత వెడల్పు కొలిచి సొంత వెలుగు, దాన్నుంచి దూరం పట్టుకోవచ్చు. దీన్ని విల్సన్–బప్పు ప్రభావం అంటారు.

ద్రవ్యరాశి దగ్గర మొదలైన పేచీ: 1.8 కాదు, 1.5

జంట నక్షత్రాలైతే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే తీరును బట్టి ద్రవ్యరాశి తెలుస్తుంది. ఒంటరి నక్షత్రానికి ఆ వీలు లేదు. పాత పద్ధతి ఏమిటంటే, వెలుగు, ఉష్ణోగ్రత, లోహాల పాళ్లు తీసుకుని, కంప్యూటర్ నమూనాల్లో ఏ ద్రవ్యరాశి నక్షత్రం ఈ స్థితికి వస్తుందో వెతకడం. మహాతారల దగ్గర ఇది సరిగా పనిచేయదు. వేర్వేరు ద్రవ్యరాశుల నక్షత్రాలు ముసలితనంలో దాదాపు ఒకే చోటికి చేరి గుమిగూడతాయి. గ్రహాలున్న మహాతారల ద్రవ్యరాశిని ఎక్కువగా అంచనా వేస్తున్నారని 2011 నుంచి కొన్నేళ్లపాటు ఖగోళ శాస్త్రవేత్తల మధ్య గట్టి వాదనే నడిచింది. రెండు పక్షాల దగ్గరా బలమైన వాదనలే ఉన్నాయి. బేక్‌డు కూడా ఆ కోవలోదే. 2015లో కొరియా శాస్త్రవేత్తలు దాని చుట్టూ గ్రహాన్ని ప్రకటించినప్పుడు ద్రవ్యరాశి సూర్యుడికి 1.8 రెట్లు అని లెక్కగట్టారు.

కొత్త పద్ధతి నక్షత్రం కంపనాలను వినడం. నక్షత్రం లోపల వాయువు కుతకుతలాడుతుంటే ధ్వని తరంగాలు పుట్టి, నక్షత్రమంతా లయగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. దానివల్ల వెలుగు అతి కొద్దిగా పెరిగి తగ్గుతుంది. నాసా వారి టెస్ ఉపగ్రహం ఆ హెచ్చుతగ్గులను పట్టింది. సూర్యుడిలో ఈ కంపనాల లయ సుమారు 5.4 నిమిషాలు. బేక్‌డులో ఆరు గంటలు దాటుతుంది.

ఈ లయ ప్రధానంగా ఉపరితల గురుత్వాన్ని బట్టి ఉంటుంది. రెండు లయల నిష్పత్తి 69. ఉష్ణోగ్రత తేడాకు చిన్న సవరణ చేస్తే, బేక్‌డు గురుత్వం సూర్యుడి గురుత్వంలో సుమారు 75వ వంతు. గురుత్వం అంటే ద్రవ్యరాశిని వ్యాసార్థ వర్గంతో భాగించడమే. వ్యాసార్థ వర్గం 115 అని పైనే వచ్చింది. 115ను 75తో భాగిస్తే 1.5. పూర్తి విశ్లేషణలో వచ్చిన అంకె కూడా 1.5కు కాస్త పైనే.

ఈ సవరణ గ్రహాన్ని కూడా కదిలించింది. దాని పేరు హల్లా. 93 రోజులకు ఒకసారి నక్షత్రాన్ని చుట్టి వస్తుంది. ఈ అంకె నేరుగా కొలిచినదే, మారదు. కెప్లర్ మూడో నియమం ప్రకారం దూరం ఘనం, ద్రవ్యరాశిని కాలం వర్గంతో గుణించినదానికి సమానం. 93 రోజులు అంటే ఏడాదిలో 0.256. దాని వర్గం 0.065. 1.8తో గుణించి ఘనమూలం తీస్తే 0.49, 1.5తో గుణిస్తే 0.46. ఈ దూరం భూమి–సూర్యుల దూరంతో పోల్చి చెప్పేది. అంటే హల్లా తన నక్షత్రం నుంచి దాదాపు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. బుధుడు సూర్యుడి నుంచి ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ.

(పేర్ల సంగతి: 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక్కో దేశానికి ఒక్కో నక్షత్రానికి, దాని గ్రహానికి పేరు పెట్టే అవకాశం ఇచ్చింది. దక్షిణ కొరియా వాళ్లు రెండు పర్వతాల పేర్లు పెట్టారు. బేక్‌డు ఉత్తర కొరియా–చైనా సరిహద్దులో ఉంది, హల్లా దక్షిణ కొరియాలోని జెజు దీవిలో ఉంది.)

ఎక్కుతోందా, ఎక్కి దిగిందా?

ఇంతవరకు చిక్కేమీ లేదు. 75 లక్షల కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న నక్షత్రం, 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో గ్రహం. మధ్యలో బోలెడు చోటు. మరి టెన్షన్ ఎందుకు?

సూర్యుడి లాంటి నక్షత్రం గర్భంలో హైడ్రోజన్ అయిపోయాక హీలియం బూడిదలా మిగులుతుంది. దాని చుట్టూ ఒక పొరలో హైడ్రోజన్ మండుతూ ఉంటుంది. గర్భం కుంచించుకుపోతుంటే పైపొరలు ఉబ్బుతూ పోతాయి. సూర్యుడికి రెండు రెట్ల లోపు ద్రవ్యరాశి ఉన్న నక్షత్రాల్లో హీలియం అంత తేలిగ్గా అంటుకోదు. హీలియం గర్భం పెరిగి పెరిగి, సూర్యుడి ద్రవ్యరాశిలో దాదాపు సగానికి చేరితే గానీ వెలగదు. అప్పటికి నక్షత్రం విపరీతంగా ఉబ్బి ఉంటుంది. బేక్‌డు లాంటిది సూర్యుడికి 150 రెట్ల వ్యాసార్థానికి చేరుతుంది. హీలియం వెలిగాక మళ్లీ పది, పదకొండు రెట్లకు తగ్గి కొన్ని కోట్ల ఏళ్లు నిలకడగా ఉంటుంది.

అంటే పదిన్నర రెట్ల వ్యాసార్థం నక్షత్రం జీవితంలో రెండుసార్లు వస్తుంది, ఉబ్బుతూ పైకి వెళ్లేటప్పుడు ఒకసారి, కుంచించుకుని దిగాక ఇంకోసారి. బయటి నుంచి చూస్తే రెండింటికీ రంగూ వెలుగూ దాదాపు ఒకటే. బేక్‌డు ఇంకా ఎక్కే దశలో ఉంటే హల్లా కథలో వింతేమీ లేదు. దాని గండం ముందుంది, అంతే.

దీన్ని తేల్చింది కూడా కంపనాలే. కొన్ని కంపనాలు పైపొరల్లోనే కాకుండా గర్భం దాకా చొచ్చుకుపోతాయి. వాటి కాలావధుల మధ్య ఎడం గర్భంలో హీలియం మండుతోందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. టిమ్ బెడ్డింగ్ బృందం కెప్లర్ టెలిస్కోపు సమాచారంతో 2011లో దీన్ని చూపించింది. హీలియం అంటుకోని మహాతారల్లో ఆ ఎడం 100 సెకన్ల లోపే ఉంటుంది. బేక్‌డులో వచ్చింది సుమారు 320 సెకన్లు. సందేహానికి చోటు లేదు, అక్కడ హీలియం మండుతోంది.

హీలియం మండుతోందంటే, మామూలు లెక్క ప్రకారం, నక్షత్రం ఒకప్పుడు 150 రెట్లకు ఉబ్బింది. 150 రెట్లంటే భూమి–సూర్యుల దూరంలో 0.7 వంతు. హల్లా ఉన్నది 0.46 దగ్గర. చిక్కు ఇదీ.

ఎవరి వివరణ ఎంత దాకా నిలుస్తుంది?

మొదటి అనుమానం గ్రహం మీదే. మహాతారల్లో గ్రహాన్ని పోలిన సంకేతాలు మోసం చేసిన సందర్భాలున్నాయి. గామా డ్రాకోనిస్ అనే నారింజ మహాతారలో 702 రోజుల లయ ఏళ్ల తరబడి గ్రహంలాగే కనిపించి, 2011 తర్వాత కొంతకాలం మాయమై, మళ్లీ తిరిగొచ్చింది. గ్రహమైతే అలా మాయమవ్వదు. అందుకే మార్క్ హాన్ నాయకత్వంలోని 2023 బృందం హవాయి టెలిస్కోపులతో బేక్‌డును మళ్లీ గమనించింది. పదేళ్లకు పైబడిన సమాచారంలో 93 రోజుల లయ చెక్కుచెదరలేదు. ఈ అనుమానం పూర్తిగా చచ్చిపోయిందని నేను అనను. చాలా బలహీనపడిందని మాత్రం చెప్పొచ్చు.

హల్లా ముందు దూరంగా ఉండి, తర్వాత లోపలికి జరిగి ఉండొచ్చు కదా? అలా విసిరేసినట్టు లోపలికి వచ్చిన గ్రహం కక్ష్య సాధారణంగా బాగా సాగినట్టు ఉంటుంది. హల్లా కక్ష్య దాదాపు గుండ్రం. నక్షత్రం లోపల మునిగి బయటపడిందనుకోవడం ఇంకా కష్టం. గురుగ్రహానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉన్న ఈ గ్రహం ఆ వాయువు రాపిడికి సుడి తిరుగుతూ లోపలికి జారిపోవాల్సిందే.

పత్రం రాసినవాళ్లు ముందుకు తెచ్చినది వేరే దారి. బేక్‌డు పుట్టుకతో ఒంటరిది కాదు, రెండు నక్షత్రాల జంట. అందులో ఒకటి ముందే ముసలిదై, పైపొరలు పోగొట్టుకుని, హీలియంతో నిండిన శ్వేత కుబ్జంగా, అంటే చిన్న, దట్టమైన గర్భంగా మిగిలింది. రెండోది ఉబ్బడం మొదలుపెట్టగానే రెండూ కలిసిపోయాయి. రెండు హీలియం గర్భాలు ఒకటవడంతో వెలగడానికి కావాల్సిన సరుకు ఒక్కసారే సమకూరింది. 150 రెట్లకు ఉబ్బాల్సిన పని లేకుండానే హీలియం అంటుకుంది. హల్లా మొదటి నుంచీ ఆ జంట చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది. జంట నక్షత్రాల చుట్టూ గ్రహాలు తిరగడం కల్పన కాదు. 2011లో ప్రకటించిన కెప్లర్-16 అలాంటిదే. ఇదే వివరణలో ఇంకో పాయ ఉంది: రెండు నక్షత్రాలు కలిసినప్పుడు చిమ్మిన వాయువు నుంచి హల్లా తర్వాత పుట్టిందని. అప్పుడు అది చావు తప్పించుకున్న గ్రహం కాదు, ఆ ప్రమాదంలో పుట్టిన గ్రహం.

విలీనం వైపు మొగ్గేవాళ్లు చూపే ఇంకో ఆధారం లిథియం. మహాతారలు ఉబ్బేటప్పుడు పైపొరల్లోని లిథియం లోపలికి పోయి నాశనమవుతుంది. బేక్‌డులో మాత్రం అది మామూలు కన్నా చాలా ఎక్కువ. శ్వేత కుబ్జంతో విలీనం లిథియాన్ని పుట్టించగలదని నమూనాలు చెబుతాయి. అయితే ఇక్కడ జాగ్రత్తపడాలి. ఎర్రా భరత్ కుమార్, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన బాచం ఈశ్వర్ రెడ్డి తదితరులు 2020లో చూపించినది వేరు. సూర్యుడి లాంటి తక్కువ ద్రవ్యరాశి నక్షత్రాల్లో హీలియం వెలిగే సమయానికి లిథియం మళ్లీ పెరగడం చాలా మామూలు విషయమని వాళ్ల పరిశీలన. అలాగైతే లిథియం ఒక్కటే విలీనానికి సాక్ష్యం కాలేదు. మిగతా ఆధారాలకు తోడుగా పనికొస్తుంది, అంతే.

విలీనం కథకు ఉన్న అసలు బలహీనత ఏమిటంటే, జరిగిన సంగతి కళ్లకు కట్టే గుర్తు నక్షత్రం పైన ఏదీ లేదు. మిగతా దారులు మూసుకుపోయాయి కాబట్టి ఇది నిలిచింది. ఈ తర్కం తప్పు కాదు. కానీ పైన చెప్పిన పారలాక్స్ లాంటి కొలతకు ఉన్న పట్టు దీనికి లేదన్న సంగతి వార్తల్లో తరచూ జారిపోతుంది. తేల్చాలంటే ఇలాంటివి ఇంకా దొరకాలి: కంపనాలు హీలియం మండుతోందని చెబుతూ, దగ్గర కక్ష్యలో గ్రహం ఉన్న మహాతారలు. పది దొరికితే విలీనాలు ఎంత తరచుగా జరుగుతాయో పోల్చి చూడొచ్చు. ఒక్కదానితో అది సాధ్యం కాదు.

బేక్‌డు గర్భంలో హీలియం ఇంకా కొన్ని కోట్ల ఏళ్లు మండుతుంది. ఆ తర్వాత నక్షత్రం మళ్లీ ఉబ్బుతుంది, ఈసారి హల్లా కక్ష్యను దాటుకుని. ఈ రెండో ఉబ్బుకు హీలియం గర్భం ఎలా అంటుకుందన్నదానితో సంబంధం లేదు. కాబట్టి విలీనం జరిగినా జరగకపోయినా 0.46 దగ్గర ఉన్న గ్రహానికి లెక్క ఒకేలా వస్తుంది.